గాలి దూరని గార్డు

ఉప్పల్,
1 ఫిబ్రవరి 1989

నాచారం వెల్డింగు షాపు సాంబయ్యగారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మోటారు సైకిలు మీద మీ షాపుకు వచ్చిన నరసింహమూర్తిని నేనే. అరగంట సేపు నేను మాట్లాడాను, మీరు తల ఊపారు. అది అవునో కాదో ఇంటికి వచ్చాక కూడా తేలలేదు. నేను ఆఫీసులో సూపరింటెండెంటును. ఏ సంగతైనా కాగితం మీద ఉంటేనే నాకు నిద్ర పడుతుంది. అందుకని రాస్తున్నాను.

పోయిన నెల నారపల్లి వెళుతుంటే కంకర లారీ మీంచి రాయి ఎగిరివచ్చి నా బండి ఇంజనుకు తగిలింది. ముందు వరసగా ఉండే రేకుల్లో ఒకటి విరిగింది. మామగారింటి నిండా జనం ఉండగా మా తోడల్లుడు అచ్యుతరావు వంగి చూసి, "అన్నగారూ, బండికి పన్ను ఊడింది. కట్టుడు పళ్ళు పెట్టించండి" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ శారద కూడా.

ఈ నెల 26న అదే ఊళ్ళో మా మామగారి కొత్తింటి గృహప్రవేశం. అదే బండి మీద, శారదను వెనక ఎక్కించుకుని, నేను ఆ అచ్యుతరావు ఎదుట దర్జాగా దిగాలి. ఆఫీసు లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక చూశాను. అలాంటి రేకుల గూడును రేడియేటరు అంటారట. దానికి గార్డు ఉంటుందట. నాకది కావాలి. దళసరి రేకుతో, గాలి కూడా దూరకుండా చేయండి. కొలతల బొమ్మ జతపరిచాను.

ఇట్లు,
పి. నరసింహమూర్తి

తా.క.: తాను కొంచెమే నవ్వానని శారద అంటోంది. అదీ కాగితం మీద ఉండాలని రాశాను.


నాచారం,
4-2-89

మూర్తి సారుకు సాంబయ్య దండం పెట్టి రాసేది.

మీ జాబు అందింది. ఉప్పల్ నుంచి ఇక్కడికి నడిస్తే గంట. జాబుకు మూడు దినాలు పట్టింది.

నాకు కొత్తవారి ముందర మాట రాదు. మా ఊరి బడిలో నాలుగు తరగతులు చదివినాను. అక్కడ పంతులు అడిగినా తల ఊపేవాణ్ణి.

గార్డు సంగతి చూస్తాను. ఒక్కటి అడగాలని ఉన్నది. మీ బండికి నీళ్ళు ఎక్కడ పోస్తారు?

ఉంటాను,
సాంబయ్య

తా.క.: ఈ జాబు చదివి వినిపిస్తే మా సాలమ్మ, "గిన్ని మాటలు రాసినవా? మన పెండ్లి సూపులల్ల గివి గూడ లెవ్వు" అన్నది.


ఉప్పల్,
7 ఫిబ్రవరి

సాంబయ్యగారికి నమస్కారాలు.

బండికి నీళ్ళు ఎక్కడ పోస్తానని అడిగారు. పనిమీద మీకున్న శ్రద్ధకు సంతోషం. ముందు చక్రంతో మొదలుపెట్టి వెనక దీపం దాకా పోస్తాను. ప్రతి ఆదివారం రెండు బకెట్లు. తరువాత నా పాత బనియనుతో తుడుస్తాను. తుప్పు అనేది లేదు.

ఇక గార్డు మొదలుపెట్టండి.

ఇట్లు,
నరసింహమూర్తి

తా.క.: ఆ బనియను పాతది కాదని శారద ఫిర్యాదు. నమోదు చేశాను.


నాచారం,
11-2-89

మూర్తి సారుకు సాంబయ్య దండాలు.

గార్డు చేసినాను. ఇయ్యాల మీ ఇంటికి వచ్చి శారదమ్మకు ఇచ్చినాను. మీరు ఆఫీసులో ఉండే వేళ చూసుకునే వచ్చినాను. బొమ్మ మీద పెట్టి చూసినాను. గీతకు గీత సరిపోయింది.

నేను అడిగింది లోపల పోసే నీళ్ళు.

ఉంటాను,
సాంబయ్య

తా.క.: శారదమ్మ చాయ్ ఇచ్చింది. బాగుందని చెప్పలేకపోయినాను. బాగుంది.


ఉప్పల్,
15 ఫిబ్రవరి

సాంబయ్యగారికి,

చాలా బాధపడి రాస్తున్నాను. మీరు ఇచ్చిన గార్డు తమలపాకంత ఉంది. నేను పంపిన బొమ్మ సగం కొలతది. ఆ మాట మూలన రాశాను కూడా. మీరు కాగితం ఎంతుంటే అంతే కోసేశారు. భారతదేశం పటం ఇచ్చి దేశం చేయమంటే చాపంత దేశం చేస్తారన్నమాట. ఇంక పదకొండు రోజులే ఉంది. రెట్టింపు కొలతతో మళ్ళీ చేయండి.

అయితే నీళ్ళ విషయంలో మీకు రుణపడ్డాను. పత్రిక మళ్ళీ తీసి చూశాను. రేడియేటరులో నీళ్ళు పోయాలని నిజంగానే రాసి ఉంది. మూడేళ్ళుగా నేను చుక్క పోయలేదు. పాపం బండి ఎలా ఓర్చుకుందో. వెతికితే ఇంజను పక్కన ఒక మూత కనబడింది. ఇదే అయి ఉంటుంది. వచ్చే ఆదివారం ఉదయం దాన్నిండా పోస్తాను. మూడేళ్ళ బాకీ కదా.

ఇట్లు,
నరసింహమూర్తి

తా.క.: మంజీరా కుళాయి నీళ్ళా, బోరు నీళ్ళా? మీ జవాబు అప్పటికి అందదు కాబట్టి మంజీరాయే పోస్తాను.


ఉప్పల్,
19 ఫిబ్రవరి, ఆదివారం

సాంబయ్యగారికి,

ఈ ఉదయం జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. నేను మూత విప్పి, చెంబుతో వంగబోతున్నాను. మీరు గేటు తోసుకుని వచ్చి, నా చేతిలో చెంబు లాక్కుని గటగటా తాగేశారు. నాచారం నుంచి నడిచి వచ్చారు, దాహం కాబోలనుకుని రెండో చెంబు తెచ్చాను. అదీ తాగారు. "ఇది బండికండీ" అని స్పష్టంగా చెప్పి మూడోది తెచ్చాను. అదీ తాగి, మూత మీరే బిగించి, తల ఊపి వెళ్ళిపోయారు. శారద కాఫీ తెచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

ఆ మూత ఇప్పుడు నావల్ల తిరగడం లేదు. వారంలో గృహప్రవేశం. నేను బస్సులో దిగితే ఆ అచ్యుతరావు ఏమంటాడో మీకు తెలియదు. దయచేసి ఏదో ఒకటి చెప్పండి.

ఇట్లు,
నరసింహమూర్తి

తా.క.: మళ్ళీ వచ్చేటట్టయితే ముందే కార్డు రాయండి. బిందె నింపించి పెడతాను.


నాచారం,
22-2-89

మూర్తి సారుకు సాంబయ్య వేయి దండాలు.

ఆ దినం ఇంటికి వస్తుంటే కడుపులో నీళ్ళ చప్పుడు నాకే వినబడ్డది. గడపలోనే సాలమ్మ అడిగింది.

"సెప్పినవా?"

"తాగిన" అన్నాను.

"ఏంది తాగినవ్?"

"నీళ్ళు."

"నోరున్నది తాగెతందుకేనా? రేపు నడి తొవ్వల గా సారు బండి ఆగితె, సుట్టాల ముంగట ఆయన ఇజ్జత్ ఏం గావాలె? నోటితోని రాకుంటె కాయితం మీద సెప్పు" అని కలం చేతిలో పెట్టింది.

సారూ, తప్పు పట్టకండి. మీ బండికి రేడియేటరు లేదు.

అది గాలికి చల్లారే బండి. ఆ రేకుల మధ్య నుంచి గాలి పోవాలి. ఒకటి విరిగినా ఏమీ కాదు. కానీ గాలి దూరకుండా ముందర రేకు కడితే బోడుప్పల్ దాటక ముందే ఇంజను పట్టేస్తుంది. మీరు విప్పిన మూత నూనె పోసేది. అందులో నీళ్ళు పోస్తే ఇంజను ఖరాబు. మొదటి దినమే చెప్పవలసింది. పెద్ద ఆఫీసరుకు ఎట్ల చెప్పాలని నీళ్ళ మాట అడిగినాను. మీకు అర్థమవుతుందనుకున్నాను.

సగం కొలత అని మూలన రాసింది నేను చదివినాను. ముప్పై ఏండ్లు రైల్వే వర్క్‌షాపులో కొలతల బొమ్మలు చూసి రేకు కోసే పని చేసినాను. గార్డు చిన్నదైతే గాలి పోతుందని కావాలనే అట్ల కోసినాను.

ఇప్పుడు సందులు ఉంచి జాలీ చేసినాను. గాలి పోతుంది, కంకర ఆగుతుంది. ఈ జాబుతో పాటు శారదమ్మకు ఇస్తాను. నాలుగు బోల్టులు, మీరే బిగించుకోవచ్చు. దాన్ని రేడియేటరు గార్డు అనే చెప్పుకోండి. నేను ఎవరితో అనను. అనాలన్నా నాకు రాదు.

ఉంటాను,
సాంబయ్య

తా.క.: నా జన్మలో ఇంత పొడుగు జాబు రాయలేదు. చెయ్యి గుంజుతున్నది.


ఉప్పల్,
27 ఫిబ్రవరి

పూజ్యులు సాంబయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి శారద పైకి చదివింది. పాతికేళ్ళ సర్వీసులో తప్పు నాదని ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. నాది.

నిన్న నారపల్లి వెళ్ళాం. మేడిపల్లి దగ్గర కంకర లారీ అడ్డం వచ్చింది. టంగుమని ఒక రాయి జాలీకి కొట్టుకుని కింద పడింది. ఆగి తీసి జేబులో వేసుకున్నాను. అక్కడ అచ్యుతరావు బండి ముందు గొంతుక్కూర్చుని, "ఇదేమిటన్నగారూ?" అన్నాడు.

"రేడియేటరు గార్డు."

"రేడియేటరంటే?"

"చెబితే అర్థమయ్యేది కాదులెండి" అన్నాను.

పంక్తిలో పులిహోర వదిలేసి మళ్ళీ వచ్చి చూసుకున్నాడు, సాంబయ్యగారూ. రెండుసార్లు.

సదా కృతజ్ఞుడు,
నరసింహమూర్తి

తా.క.: మీ అడ్రసు అడిగాడు. ఇచ్చాను. శారద ఈసారి పైటచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను.


నాచారం,
24-3-89

మూర్తి సారుకు, శారదమ్మకు సాంబయ్య దండాలు.

మీ తోడల్లుడుగారు వచ్చినారు. స్కూటరు మీద. రేడియేటరు గార్డు కావాలన్నారు. నేను బండి చుట్టూ రెండు మార్లు తిరిగినాను. దాని ఇంజను వెనక, పక్కకు, రేకు డొప్పలో ఉన్నది. ముందర అంతా ఉత్త రేకే. ఈసారి తప్పు చేయవద్దని నోరు తెరిచినాను. "సారూ, స్కూటరుకు..." అన్నాను. నిజంగా అన్నాను. సాలమ్మ సాక్షి.

ఆయన, "మీరేం చెప్పకండి. మా అన్నగారి దానికన్నా నాలుగింతలుండాలి, అంతే" అన్నారు.

తల ఊపినాను. అడిగినంత చేసి ముందర కట్టినాను. ఇంజనుకు ఏ హాని లేదు. దానికి ఈ సంగతి తెలియనే తెలియదు.

ఉంటాను,
సాంబయ్య

తా.క.: పోయిన వారం ఆయన దగ్గర నుంచి కార్డు వచ్చింది. స్కూటరు ఇప్పుడు ఇంటి గేటులో పట్టడం లేదట. వారం నుంచి వీధిలోనే ఉన్నదట. వచ్చి గార్డు విప్పేస్తానని రాసినాను. వద్దు, గేటు విప్పుమని రాసినారు.