ఒక రోజు వెనకబడ్డ పస్కా

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాయొద్దనే అనుకున్నాను. నువ్వు బతికుండగా ఒక్క ముక్క రాయని వాణ్ణి, నువ్వు చనిపోయిన ఏడాదికి రాస్తే చదివేదెవరు?

నేను కామారెడ్డిలో హీబ్రూ తేదీలు అచ్చేసిన క్యాలెండర్ చూసి, బైబిల్లో చెప్పిన పులియని రొట్టెల పండుగ పస్కా ఆచరించేవాణ్ణి. నువ్వు ఎల్లారెడ్డిలో మిద్దెక్కి, నెలవంక కంటికి కనబడితేనే నెల మొదలైందనేవాడివి. ఆ లెక్కన పద్నాలుగో రోజున వచ్చే నీ పస్కా నాదానికంటే ఒక రోజు వెనక పడేది.

"రంజానుకా ఏంది, మిద్దెక్కినవ్?" అని ఎగతాళి చేశాను.

"ఆకలైతే తింటమా అన్నా, కాయితం జూసి తింటమా?" అన్నావు.

ఆ ఒక్క రోజుకు నాలుగేళ్లు ఒక పళ్లెంలో తినలేదు. పులియని రొట్టె మనకేమన్నా కొత్తా? మన జొన్నరొట్టె ఏడాదంతా పులియనిదే.

ఈసారి నేనూ మిద్దెక్కాను. నెలవంక, క్యాలెండర్ చెప్పిన రోజు కాక మర్నాడు కనిపించింది. అందుకే నా పస్కా అయిన మర్నాడు ఎల్లారెడ్డి బస్సెక్కాను.

"బావా, మీ పండుగ నిన్ననే అయిపాయె గద?" అంది నీ భార్య.

"నాది అయింది. ఇయ్యాల తమ్మునిది."

ఆమె నీ పళ్లెం కడిగి, రొట్టె విరిచి అందులో పెట్టింది. తిని, ఆఖరి బస్సుకు వచ్చేశాను.