పీట ప్రస్తుతం ప్రయాణంలో ఉంది

సోమవారం

శిశు బోధకుల సదస్సు కార్యదర్శి గారికి,

నమస్కారం. మొన్న శనివారం మీ సదస్సు ఆఖరి రోజు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా భార్య ఇరవై ఆరేళ్ళు మా ఇంటి ముందుగదిలో చిన్నపిల్లల బడి నడిపింది. ఐదు వారాల క్రితం చనిపోయింది. అంతకు ముందు, మీరు అడిగారని, తను కూర్చునే చెక్కపీటను మీ ప్రదర్శనకు పంపింది. జానెడు ఎత్తు, నాలుగు కాళ్ళు. దాన్ని తీసుకెళ్దామని వచ్చాను. మీ సదస్సుతో నాకు వేరే పని లేదు.

గుమ్మంలో మీరే ఎదురయ్యారు. ఆవిడ చనిపోయిందని చెప్పాను.

"అయ్యో, మేడం గారు మన మధ్యే ఉన్నారు సార్" అన్నారు.

లేదన్నాను. మీరు గోడ మీది బోర్డు చూపించారు. "కాదు, లేదు, వద్దు: ఈ మూడు మాటలూ గుమ్మం బయట వదిలి రండి." ఆవిడ కుర్చీ ఖాళీగా ఉందని నన్ను అందులో కూర్చోబెట్టి, నా మెడలో అరటిపండు బొమ్మ వేశారు. మీ సదస్సులో పేర్లు వాడరట. నాకు అరవై మూడేళ్ళు.

పదింటికి మూడువందల మంది పెద్దవాళ్ళతో కలిసి లయగా చప్పట్లు కొట్టాను. పదకొండింటికి మీ ముఖ్యవక్త, పిల్లల కళ్ళ ఎత్తుకు దిగి మాట్లాడాలంటూ, నాలుగడుగుల వేదిక మీద నిలబడి గంటంపావు మాట్లాడారు. మధ్యాహ్నం పిల్లల నిద్ర మీద చర్చ. అందులో మాత్రం సభ్యులు మనస్ఫూర్తిగా పాల్గొన్నారు. నా పక్కన కూర్చున్న పుచ్చకాయ గురక పెట్టారు.

ఆ రోజంతా మీ సదస్సుకు పిల్ల అన్నది ఒక్కతే వచ్చింది, ఒక టీచరు చంకలో. ఏడ్చింది. ఉపన్యాసానికి అడ్డమని బయటికి పంపారు.

నాలుగింటికి ప్రదర్శన గదికి వెళ్ళాను. నా భార్య పేరు రాసిన అట్ట ఉంది. దాని వెనక పీట లేదు. పూలకుండీ ఉంది.

"పీటేదమ్మా?" అని మిమ్మల్నే అడిగాను.

"అది ప్రయాణంలో ఉంది సార్."

"ఎక్కడికి?"

"ప్రయాణమే ముఖ్యం సార్" అన్నారు.

పీట నాకు శుక్రవారంలోగా కావాలి. పిల్లలు అడుగుతున్నారు.

ఇట్లు,
టీచరమ్మ భర్త

తా.క.: అరటిపండు తిరిగి పంపుతున్నాను.

*

బుధవారం

ప్రియమైన అరటిపండు గారికి, కమలాపండు చప్పట్లతో రాయునది!

మీ అనుభవ పత్రం అందింది. మూడువందల మందిలో రెండు పేజీలు నింపింది మీరొక్కరే! మిగతావారు నవ్వుముఖానికి టిక్కు పెట్టి సరిపెట్టారు. మీ మాటలు ముఖ్యవక్త గారికి చదివి వినిపించాం. వేదికను అంత శ్రద్ధగా కొలిచినందుకు ఎంతో పొంగిపోయారు. నిద్ర చర్చ మీద మీ ప్రశంస మా నోటీసు బోర్డు ఎక్కింది.

పీట గురించి అడిగారు. పంచుకోవడం మా మొదటి పాఠం! పీట ప్రస్తుతం విశ్రాంతిలో ఉంది. తన కొత్త సామర్థ్యాలను తెలుసుకుంటోంది.

దీనితో యోగ్యతాపత్రం, ఒక బంగారు నక్షత్రం జతపరిచాం.

మీ చిరునవ్వు కోరే,
కమలాపండు, కార్యదర్శి

తా.క.: ఐదు ముఖాల బొమ్మ కూడా పంపుతున్నాను. ఈ రోజు మీ మనసు ఏ ముఖంలో ఉందో చూసి గుండ్రం చుట్టండి. ఎర్ర రంగు వాడవచ్చు.

*

శనివారం

కార్యదర్శి గారికి,

నేను రాసింది అనుభవ పత్రం కాదు. ఫిర్యాదు. నిద్ర చర్చను నేను ప్రశంసించలేదు.

పీటలకు సామర్థ్యాలు ఉండవు. కూర్చుంటే మొయ్యడం ఒక్కటే వాటి పని. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చదివాను. విశ్రాంతిలో ఉన్న పీటకూ విశ్రాంతిలో లేని పీటకూ తేడా ఏమిటో మాకెవరూ చెప్పలేదు.

రెండే ప్రశ్నలు. పీట మీ దగ్గర ఉందా? ఎప్పుడు పంపుతారు? మొదటిదానికి ఒక మాట చాలు. రెండోదానికి ఒక తేదీ.

బడి ఇప్పుడు ఆయా చూసుకుంటోంది. పదకొండు మంది పిల్లలు. పొద్దున గేటు తీసేది నేను కాబట్టి పీట సంగతి నన్నే అడుగుతున్నారు. రోజూ సమాధానం చెప్పడం నా వల్ల కావడం లేదు.

ఇట్లు,
టీచరమ్మ భర్త

తా.క.: ముఖాల బొమ్మ చూశాను. ఐదింటిలోనూ నాది లేదు. నక్షత్రం ఒక పిల్లాడికి ఇచ్చాను. మింగాడు. కులాసాగానే ఉన్నాడు.

*

మంగళవారం

మా ఆత్మీయ అరటిపండు బాబాయి గారికి,

రెండు ప్రశ్నలు! అరవై మూడేళ్ళ వయసులో ఇంత కుతూహలం! కార్యవర్గం మురిసిపోయి మిమ్మల్ని తాతయ్యల విభాగానికి కన్వీనరుగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. వచ్చే సదస్సులో "కోపంతో చెలిమి" అన్న అంశం మీద గంటన్నర మీదే. వేదిక ఎత్తు మీ ఇష్టం.

మీ సూచన మేరకు ఆరో ముఖం గీయిస్తున్నాం. చిత్రకారుడి కోసం దయచేసి మీ ఫొటో ఒకటి పంపండి. సహజంగా ఉన్నది చాలు.

పీట విషయానికొస్తే, అది ఇప్పుడు ఒకటి కన్నా ఎక్కువ చోట్ల ఉంది. ఎదుగుదలలో ఇదొక దశ.

ప్రేమతో,
మీ కమలాపండు

తా.క.: నక్షత్రం మింగిన బాబుకు మరో రెండు పంపుతున్నాను. ఇవి అరచేయంత ఉంటాయి. మింగాలంటే వాడు బాగా శ్రమ పడాలి.

*

గురువారం

అమ్మా,

ఒకటి కన్నా ఎక్కువ చోట్ల.

విరిగిందా?

ఇట్లు,
టీచరమ్మ భర్త

తా.క.: కన్వీనరు పదవి ఆయాకు ఇవ్వజూపాను. "నాకొద్దు బాబూ" అంది. వినడానికి ఎంత హాయిగా ఉందో. నా భార్య కూడా మీలాగే మాట్లాడేది. ఆస్పత్రిలో ఎప్పుడు అడిగినా "కాస్త తేలిగ్గా ఉంది" అనేది. ఆఖరి రోజు కూడా అంది. నేను నమ్మి భోజనానికి ఇంటికొచ్చాను. మీరైనా తిన్నగా చెప్పండి.

*

సోమవారం

అయ్యా,

విరిగింది.

రెండు కాళ్ళు ఊడాయి, పైచెక్క చీలింది. విరగ్గొట్టింది నేనే. శనివారం మధ్యాహ్నం అందరూ నిద్ర చర్చలో ఉన్నారు. ప్రదర్శన గదిలో ఎవరూ లేరు. మూడు రోజులుగా నిలబడి నవ్వుతున్నాను. కాళ్ళు పీకేస్తుంటే రెండు నిమిషాలు కూర్చుందామనుకున్నాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. ముక్కలు నా బీరువాలో దాచాను. పూలకుండీ పెట్టింది కూడా నేనే. ఆ తర్వాత మీ ముఖం చూస్తూ ప్రయాణమన్నాను.

మీ ఉత్తరాలు కార్యవర్గానికి చూపించలేదు. చూపిస్తే పీట సంగతి బయటపడుతుంది. ముఖ్యవక్త పొంగిపోలేదు. మిమ్మల్ని ఎవరూ ఎన్నుకోలేదు. మీరు సంతోషించి పీటను మర్చిపోతారని అనుకున్నాను. మా బడిలో ఏడ్చే పిల్లలకు అలాగే బొమ్మ మారుస్తాం.

గుమ్మంలో మీరు చెప్పినప్పుడే అనాల్సిన మాట ఇప్పుడు అంటున్నాను. మేడం గారు చనిపోయారు. మన మధ్య లేరు. నాకు చాలా బాధగా ఉంది.

పీట బాగు చేయించి పంపనా, ముక్కలే పంపనా?

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: పదకొండేళ్ళుగా ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుతున్నాను. మా అత్తగారు "కూరలో ఉప్పు వేశావా, లేదా?" అంటే "ఉప్పుకు ఇంకా అవకాశం ఉందత్తయ్యా" అన్నాను. ఆవిడ నాతో మాట్లాడి ఎనిమిది నెలలైంది.

*

బుధవారం

అమ్మా,

ఉత్తరం అందింది. మొదటి మాట రెండుసార్లు చదివాను. చాలా రోజులకు ఒక మనిషి నాతో మాట్లాడినట్టయింది.

మిమ్మల్ని అన్నేసి మాటలనే అర్హత నాకు లేదు. పీట ఎందుకు కావాలో నేనూ మీకు చెప్పలేదు.

ఆవిడను ఆస్పత్రిలో చేర్చిన మర్నాడు గేటు దగ్గర పిల్లలు చుట్టుముట్టారు. "తాతా, టీచరమ్మేది?" అన్నారు. మీ ఆహ్వానం నా చేతిలోనే ఉంది. "సదస్సుకెళ్ళిందిరా" అన్నాను. "పీటేది?" అంది ఒకతి. "అదీ పట్టుకెళ్ళింది" అన్నాను. పీట ఉండే చోట పీట లేదు కాబట్టి నమ్మారు.

చనిపోయాక కూడా అదే చెప్పాను. ఎప్పుడొస్తుందంటే, అక్కడ మూడువందల మంది ఉన్నారు, అందరి ముక్కులూ తుడిచి రావాలి, ఆలస్యమవుతుందన్నాను. మీ అబద్ధాల మీద రెండు పేజీలు రాసి పోస్టు చేసిన రోజు కూడా గేటు దగ్గర ఇదే చెప్పాను. ఆయా నా వైపు చూడటం మానేసింది.

పీట చేతికొస్తే, పీట ముందొచ్చింది, ఆవిడ వెనకాల వస్తోందని ఇంకో నెల నెట్టుకొద్దామనుకున్నాను. మిమ్మల్ని తొందరపెట్టింది అందుకు.

మీరు రెండు వారాలు దాచారు. నేను ఏడు వారాలు దాచాను. మీ బోర్డు మీది మాటలను మీరు గుమ్మం బయట వదిలారు. నేను బోర్డు లేకుండానే వదిలాను.

ఇట్లు,
టీచరమ్మ భర్త

తా.క.: ఉప్పు వేయలేదని మీ అత్తగారికి చెప్పెయ్యండి. ముక్కలు మీ వీలు చూసుకుని పంపండి, తొందర లేదు. రేపు పొద్దున తొమ్మిదింటికి పదకొండు మందినీ ముందుగదిలో కూర్చోబెట్టి, నేనూ వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చుని, టీచరమ్మ చనిపోయింది, ఇక రాదు అని చెబుతాను.