బీమావాళ్ళు తీసిన వీడియో

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. నా కుడి మోకాలిని పక్కన పెడితే, దేవుడి దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. నువ్వూ మరదలూ కులాసా అని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలు వంగుతుంది గాని, వంగాక తనంతట తను లేవదు. ఆపరేషను చేయించుకుంటే తప్ప కుట్టు మిషను తొక్కలేనని డాక్టరు ఖాయంగా చెప్పాడు. పరిహారం వస్తేనే ఆపరేషను. పరుపుల కొట్టు వ్యాను డ్రైవరు వచ్చి చూశాడా అన్నావు. ఒక్కసారి వచ్చాడు, అరడజను ఆపిల్ పళ్ళతో. "చూసుకునే వెనక్కి తీశానండీ, మీరే అడ్డం వచ్చారు" అన్నాడు. నేను అప్పుడు మా కుట్టు దుకాణం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. గోడ కూడా అడ్డం వచ్చిందేమో. ఆ పళ్ళు నేను ముట్టలేదు. మీ చిన్నక్క మాత్రం "పళ్ళేం పాపం చేశాయి" అని తినేసింది.

విచారణ పోయిన మంగళవారం జరిగింది. చిన్న గది, ఒక బల్ల, దాని వెనక అధికారి. వ్యాను బీమా కంపెనీ మనిషి తన కంప్యూటరు మా వైపు తిప్పాడు. అందులో నేను, ప్రార్థన మందిరంలో, మోకాళ్ళ మీద. మూడు వారాలుగా ఎవడో నా వెనక వరసలో కూర్చుని, చేతులు జోడించినట్టు నటిస్తూ ఫోనుతో తీశాడట. నేను బెంచీ పట్టుకుని దిగడం ఉంది. మీ చిన్నక్క చంకలో చేయి వేసి నన్ను లేపడం మాత్రం లేదు.

"చూడండి సార్, మోకాలు పనికిరాదన్న మనిషి" అన్నాడు.

నాకు కోపం రాలేదు తమ్ముడూ. రోత పుట్టింది. సగం తాగిన నీళ్ళలో ఈగ కనబడ్డట్టయింది.

మన ప్లీడరు నా చెవి దగ్గరకి వంగి, "అది మీరు కాదు, మీ చెల్లెలు అనండి. పోలికలున్నాయి, నమ్ముతారు" అన్నాడు.

"నేనేనండీ" అన్నాను, పైకే.

అధికారి కళ్ళజోడు తీశాడు. "నొప్పి లేదామ్మా మరి?"

"ఉందండీ."

"ఉంటే మోకరిల్లడం ఎందుకు?"

"గుద్దింది వ్యాను కదండీ. దేవుడి మీద అలగడం ఎందుకు?"

అధికారి నవ్వు ఆపుకున్నాడు. "బాగా నటిస్తారు మేడం" అని గొణిగాడు బీమా మనిషి.

నిన్న ఉత్తర్వు వచ్చింది. అడిగినంతా ఇమ్మన్నారు. మీ చిన్నక్క చెంగున లేచి పక్కింటికి కూడా చెప్పొచ్చింది. నేను మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "దరఖాస్తుదారు గదిలోకి నడిచి వచ్చిన తీరును స్వయంగా చూసినందున, వీడియోను పరిగణనలోకి తీసుకోవడం లేదు" అని ఉంది.

ఇంట్లో ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను. ఆ రోజు గది బయట ప్లీడరు, "కాస్త కాలు ఈడ్చండి మేడం. మామూలుగా నడిస్తే వాళ్ళ కంటికి ఆనదు" అన్నాడు. ఛీ అనుకున్నాను. తలుపు తెరుచుకోగానే ఈడ్చాను. రోజూ కుంటుతానన్న మాట నిజం. ఆ ఏడెనిమిది అడుగులూ అంతకు రెండింతలు కుంటి చూపించాను. మూలుగు కూడా ఒకటి వదిలాను, ఎవరూ అడక్కుండానే.

మోకరిల్లితే నటన అన్నారు. నటిస్తే నమ్మి సంతకం పెట్టారు. ఫోను దాచుకుని దేవుడి ముందు కూర్చున్నవాడికీ నాకూ తేడా ఏమిటా అని నిన్నటి నుంచి చూస్తున్నాను. పెద్దగా కనబడలేదు.

"తప్పు వాళ్ళదే కదక్కా" అని రాయకు. ఆ మాట ప్లీడరు అనేశాడు. తప్పు వాళ్ళదే. దాన్ని నా దొంగ కుంటు మీద నిలబెట్టడమే నాకు గిట్టడం లేదు.

రేపు పొద్దున్న ప్లీడరుకి చెప్పకుండా ఆ ఆఫీసుకి వెళ్తున్నాను. జరిగింది చెప్పి, తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా నాకు ఎంత కుంటు ఉందో అంతే నడుస్తాను. చూశాక కూడా అధికారి ఆ వాక్యం ఉంచితే ఆపరేషను. కొట్టేస్తే, చేతికుట్టు ఉండనే ఉంది. గుండీలు కుట్టడానికి మోకాలు అక్కర్లేదు.

ఇట్లు,
నీ పెద్దక్క