స్వబుద్ధి సంఘం మేడ మీది గది

చిరంజీవి అమ్మడికి,

మామయ్య దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం కులాసా. సంఘానికే ఒంట్లో బాగాలేదు.

గ్రంథాలయం మేడ మీది గదిలో పదకొండేళ్లుగా నేను స్వబుద్ధి సంఘం నడుపుతున్న సంగతి నీకు తెలుసు. ఎవరి బుర్రతో వాళ్లే ఆలోచించాలి, ఎవరో చెప్పారని ఏ పనీ చేయకూడదు అన్నది మన సిద్ధాంతం. ఇన్నేళ్లూ సభ్యులు వస్తూనే ఉన్నారు, సిద్ధాంతం వంటబట్టగానే నా మాట వినడం మానేసి పోతూనే ఉన్నారు. ప్రస్తుతానికి నేనొక్కణ్ణే మిగిలాను. పోయిన నెల గ్రంథాలయం కమిటీ కాగితం పంపింది. పదిమంది సభ్యులు లేని సంఘానికి గది ఇవ్వరట. ఇంకో మూడు నెలల్లో పది సంతకాలు చూపించాలి, లేదంటే తాళంచెవి ఇచ్చేయాలి.

ఆ గది పోతే నేనేమైపోతానో నాకే తెలియదమ్మా. పగలంతా దుకాణంలో కూర్చుని ఎవరెవరో రాసిన పుస్తకాలకు బైండింగు చేస్తాను. సాయంత్రం ఆ గదిలో అడుగు పెడితేనే నేనూ ఒక మనిషినన్న ధైర్యం వస్తుంది. కాబట్టి గది వదిలే ప్రసక్తే లేదు. సంఘాన్ని దేశదేశాలకూ విస్తరించాలని తీర్మానించాను.

నువ్వు అక్కడి భాషలోకి మార్చి పంపిన నా 'ఎవరి బుర్ర వారిదే' రెండు వందల ప్రతులు అచ్చు వేయించి, నువ్వు పనిచేసే లాండ్రీ చిరునామాకు పంపుతున్నాను. మీ అత్తయ్య కుట్టింది, నేను అట్టలు వేశాను. పల్చటి అట్ట వేయడం నా ఇంటా వంటా లేదు కదా, సుత్తితో కొట్టినా వంగవు. అందరికీ పంచిపెట్టి, పదిమంది చేత ఫారం మీద సంతకం పెట్టించు.

ఇట్లు,
మామయ్య
(వ్యవస్థాపక అధ్యక్షుడు)

తా.క.: ఫారంలో ఉన్నది ఇంతే: "నేను పూర్తిగా నా సొంత బుద్ధితో ఆలోచించి, అధ్యక్షులవారు ఏం చెబితే అది చేస్తానని ప్రమాణం చేస్తున్నాను."

*

మామయ్యకు నమస్కారాలు.

పార్సిలు అందింది. కానీ నాకు కాదు.

మా లాండ్రీలో చొక్కా ఇస్త్రీ చేశాక నలగకుండా లోపల ఒక అట్ట పెట్టి మడుస్తాం. ఆ వారం అట్టలు అయిపోయాయి. మా యజమానురాలు మీ పార్సిలు విప్పి చూసింది. సరిగ్గా చొక్కా వెడల్పు, వంగని అట్ట! నేను పనిలోకి వచ్చేసరికి రెండు వందల చొక్కాల్లో రెండు వందల పుస్తకాలు మడిచేసి, ఎదురు హోటలుకు పంపేసింది. అది రైల్వే స్టేషను పక్క హోటలు. ఓడల మీద వంటవాళ్లు, ఊరూరూ తిరిగే సేల్స్‌మన్లు, ఒక బ్యాండు మేళం, ఇలా నానా దేశాల వాళ్లూ దిగుతారు. సగం మంది అప్పుడే చొక్కాలతో సహా వెళ్లిపోయారు.

మిగిలినవాళ్లు చదువుతున్నారు, మామయ్యా. అదే నా భయం. హోటలు లిఫ్టు నడిపే ఆయన చదివిన దగ్గర్నుంచీ, మనం అడిగిన అంతస్తులో ఆపడం మానేశాడు. ఎవరు ఎక్కడ దిగితే మంచిదని ఆయనకు తోస్తే అక్కడే ఆపుతున్నాడు. నేను ఫారం చూపించాను. రెండుసార్లు శ్రద్ధగా చదివి, "ఈ పుస్తకం చదవక ముందు అడిగి ఉంటే తప్పకుండా పెట్టేవాణ్ణమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు.

మీ మేనకోడలు

తా.క.: అట్టలు చాలా బాగున్నాయి, ఇంకా ఉన్నాయా అని మా యజమానురాలు అడుగుతోంది.

*

చిరంజీవి అమ్మడికి,

మామయ్య దీవెనలు. శభాష్! గుండెకు ఆనించి పుస్తకం పంచాలన్న ఆలోచన అధ్యక్షుణ్ణైన నాకే రాలేదు. భయం అని రాశావు చూడు, అది నీ వినయం. మీ యజమానురాలు ఇంకా అడుగుతోందంటే ఆవిడకు సిద్ధాంతం బాగా ఎక్కిందన్నమాట. ఇంకో మూడు వందలు పంపుతున్నాను, ఈసారి జోడు అట్ట.

ఇక అక్కడ క్రమశిక్షణ ముఖ్యం. దేశదేశాల్లోని మన సభ్యులు ఒకరినొకరు గుర్తుపట్టాలి కదా. అందరూ చొక్కా పై గుండీ విప్పి ఉంచాలని ఆజ్ఞాపించాను. అందరికీ చెప్పు. సంతకాలు మాత్రం వెంటనే పంపు, ఇంకా నెలన్నరే ఉంది.

ఇట్లు,
మామయ్య
(అంతర్జాతీయ అధ్యక్షుడు)

తా.క.: నియమాలు ఇప్పుడు పద్నాలుగు. ఎనిమిదోది, ఎవరూ ఏ నియమానికీ బానిస కాకూడదు. ఇది అందరికీ తప్పనిసరి.

*

మామయ్యకు నమస్కారాలు.

ఇక అట్టలు పంపకండి, కాళ్లు పట్టుకుంటాను. మా యజమానురాలికి సిద్ధాంతం అప్పటికి ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. మనిషిలో ఎదుటివాళ్లు చూసేది కాలరు ఒక్కటే అని ఆవిడ సొంతంగా ఆలోచించి తేల్చుకుంది. చొక్కాకు కాలరు మాత్రమే ఇస్త్రీ చేసి మడిచేస్తోంది. హోటలువాళ్లు వచ్చి చెడామడా తిట్టిపోయారు. ఆ చొక్కాల మిగతా భాగమంతా ఒంటి చేత్తో నేనే ఇస్త్రీ చేసి గుట్టుగా పంపిస్తున్నాను. పని పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు.

బ్యాండు మేళం పక్క దేశంలో కచేరీ చేసిందట, తొమ్మిదిమంది తొమ్మిది పాటలు వాయించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట, వాళ్లూ తలో తాళంలో. ఓడ వంటవాడొకడు ఇంకో రెండు దేశాల్లో పుస్తకం చదివి వినిపించాడు. పుస్తకం వెనక మీరు నా చిరునామా అచ్చు వేయించారు కదా, నాలుగు దేశాల నుంచి నలభై మూడు ఉత్తరాలు వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే మాట. పుస్తకం మా కళ్లు తెరిపించింది, కాబట్టి మీ సంఘంలో చేరం.

అన్నీ మన భాషలోకి మార్చి దీంతో పంపుతున్నాను. ఒక్క సంతకం కూడా దొరకలేదు. నా సంతకమూ లేదు, మామయ్యా. మీ మీద ప్రేమ తక్కువై కాదు. ఆ పుస్తకాన్ని మాట మాటా తూచి అనువాదం చేసినదాన్ని, ఆ ఫారం మీద సంతకం పెట్టలేను. మీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

మీ మేనకోడలు

తా.క.: పై గుండీ ఆజ్ఞ అందరికీ చెప్పాను. అప్పట్నుంచీ ఇంత ఎండలోనూ అందరూ మెడదాకా బిగించుకుని తిరుగుతున్నారు.

*

చిరంజీవి అమ్మడికి,

మామయ్య దీవెనలు. నీ ఉత్తరం చూసి రెండు రోజులు నీమీద అలిగాను. మూడో రోజు ఆ నలభై మూడూ చంకన పెట్టుకుని కమిటీ ముందు నిలబడ్డాను. "వీళ్లంతా 'చేరం' అన్నవాళ్లే కదయ్యా!" అన్నాడు కమిటీ పెద్ద. "నా సిద్ధాంతం నమ్మారు కాబట్టే 'చేరం' అన్నారు. ఇంతకంటే గట్టి సభ్యులు మీకెక్కడ దొరుకుతారు?" అన్నాను. ఒక్కో ఉత్తరమూ చదివి వినిపించాను. అప్పటిదాకా ఆ పెద్దాయన తల ఊపితే తామూ తల ఊపే మిగతా నలుగురు, ఇరవయ్యో ఉత్తరానికల్లా తలో మాట మొదలుపెట్టారు. ఒకడు ఇవ్వాలన్నాడు, ఒకడు వద్దన్నాడు, ఒకడు గది కూలగొట్టాలన్నాడు. గెలిచాననే అనుకున్నాను.

అప్పుడు నా వెనక నుంచి మీ అత్తయ్య లేచింది. ఉత్తరాల సంచీ మోయడానికి నాతో వచ్చిందనుకున్నాను. కొంగులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"గది సంఘాలకే ఇవ్వాలని మీ నియమాల్లో ఎక్కడా లేదు, చదివాను. ఒక్క మనిషిని అడుగుతున్నాను, నాకివ్వండి" అంది. "ఈయన పుస్తకం మొదట మన భాషలో అచ్చయినప్పుడు ప్రతులన్నీ నేనే కుట్టాను. కుడుతూ కుడుతూ చదివాను. ఆ గది పదకొండేళ్లుగా ఊడుస్తున్నాను, ఒక్కనాడూ అందులో కూర్చోలేదు."

ఐదుగురూ ఐదు రకాలుగా ఆలోచించి, ఆవిడకు ఇవ్వాలనే తేల్చారు. గుమస్తా తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని ఆవిడకిచ్చాడు.

దారిలో, "అందులో ఏం చేస్తావు?" అని అడిగాను.

"అది మీకెందుకు?" అంది. కోపంగా కాదమ్మా, నవ్వుతూనే అంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. గది పోయిందని కొంత. నేను ప్రపంచమంతా వెతికిన మనిషి దుకాణంలో నా పక్కనే పుస్తకాలు కుడుతూ కూర్చుంటే ఇన్నేళ్లూ ఒక్కసారైనా, నీకేమనిపిస్తోంది అని అడగలేదే అని ఎక్కువ. ఆ ఫారాలన్నీ చించేశాను. నీ మీద కోపం లేదు. సంఘాన్ని మాత్రం వదలను. వదలమని ఎవరైనా చెబితే అసలే వదలను.

ఇట్లు,
మామయ్య

తా.క.: రోజూ సాయంత్రం ఆ గది మెట్ల మీద ఒక్కణ్ణే కూర్చుని సంఘం నడుపుతున్నాను. నిన్న అత్తయ్య తలుపు తీసి, "కాస్త నెమ్మదిగా ఆలోచించుకోండి, లోపల చదువుకుంటున్నాను" అని మళ్లీ వేసుకుంది.