ఆ తొమ్మిది వాడుకలు

మార్చి 3
ఈసారి నా బల్ల మీదకొచ్చిన మాట 'కుక్డ్'. ఇంగ్లిష్ డిక్షనరీ కొత్త ఎడిషన్‌కి నెట్ భాషంతా నా నెత్తినే పడింది. దీనికీ వంటకీ సంబంధం లేదు. "హి ఈజ్ కుక్డ్" అంటే వాడి పని అయిపోయింది, అడ్డంగా దొరికిపోయాడు అని. ఎడిటర్‌గారు ఒక్క లైన్‌లో రాసి పడెయ్యమన్నారు.

మార్చి 5
అన్నయ్య ఫోన్. మేనకోడల్ని గోడౌన్ ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారట. నిన్న అక్కడ తనిఖీ. మేనేజర్ దొంగలెక్కలు బయటపడతాయని మొన్న పిల్ల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది: "టుమారో మేనేజర్ ఈజ్ కుక్డ్." తెల్లారేసరికి ఆయన గది తగలబడింది. ఆర్పబోయిన వాచ్‌మన్ చేతులు కాలాయి. ముందే చెప్పి మరీ అంటించింది అంటున్నారట. పన్నెండున విచారణ. అక్కడ తప్పు తేలితే పోలీస్ కేసు.

నేను రాస్తున్న మాటే.

మార్చి 6
పిల్ల తరఫున యూనియన్ లాయరమ్మ ఆఫీసుకొచ్చింది. ఈ మాటకి ఇదీ అర్థం అని మా లెటర్‌హెడ్ మీద రాసివ్వమంది. ఎడిటర్‌గారు కుదరదన్నారు. అచ్చు కాని అర్థానికి మనం పూచీ పడకూడదట. అయితే విచారణకి నేనే వచ్చి చెబుతానన్నాను.

మార్చి 8
మేం పోగుచేసిన వాడుకలు రెండువందల పన్నెండు. అన్నీ మళ్లీ చదివాను. తొమ్మిదింట్లో నిజంగానే బెదిరింపు. రెండుచోట్ల ఆ తర్వాత కొట్టారు కూడా.

లాయరమ్మకి చెప్పాను. ఆ తొమ్మిదీ తీసేసి తెమ్మంది. ఎవరు లెక్కపెడతారు అంది.

మార్చి 9
ఆ తొమ్మిదీ కట్టలోంచి తీసి పక్కన పెట్టాను, ఎవరికీ చెప్పలేదు.

మార్చి 10
లాయరమ్మ చెప్పగా విని అన్నయ్య వచ్చాడు. కూర్చోలేదు. నీకు పిల్ల ఎక్కువా, పదం ఎక్కువా అని అడిగాడు. పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. దాన్ని వంటింట్లోకి లాక్కెళ్లి, నిజం చెప్పవే అన్నాను. అత్తా, వాడు నాశనమైపోవాలని కోరుకున్న మాట నిజమే, కానీ నేనా గది వైపే వెళ్లలేదు అంది. నమ్మాను. నా నమ్మకం సాక్ష్యం కాదుగా.

మార్చి 12, ఉదయం 8
కాగితాలన్నీ సంచిలో పెట్టాను. తీసి పక్కన పెట్టిన తొమ్మిదీ మళ్లీ కలిపేశాను.

సాయంత్రం 5
కంపెనీ లాయరు మొదటి ప్రశ్న: ఈ అర్థం డిక్షనరీలో ఉందా? ఇంకా లేదన్నాను. బెదిరింపుగా ఎవరైనా వాడారా? వాడారు, తొమ్మిది చోట్ల అన్నాను. అన్నయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. లాయరమ్మ తల పట్టుకుంది.

కంపెనీ లాయరు ఆ తొమ్మిదీ పైకి చదవమన్నాడు. ఐదోదాని దగ్గర ఆగిపోయాను. ఇన్నాళ్లూ నా కళ్లెక్కడ పెట్టుకున్నానో! "నేను వాణ్ణి కుక్ చేస్తా." "మేం నిన్ను కుక్ చేస్తాం." తొమ్మిదింట్లోనూ చేసేవాడొకడున్నాడు. మిగతా రెండువందల మూడింట్లో ఎవడూ లేడు. వాడు కుక్డ్, అంతే. బెదిరించేవాడు వాక్యంలో తననీ పెట్టుకుంటాడు సార్, ఈ మెసేజ్‌లో పిల్ల ఎక్కడుందో చూపించండి అన్నాను.

విచారణాధికారి మెసేజ్ ఉన్న ఫోన్ దగ్గరికి తీసుకుని ఆ నాలుగు మాటలూ మళ్లీ చదివాడు.

మార్చి 17
అది బెదిరింపు కాదని తేల్చారు. గదిలో ఏసీ వైరు కాలి మంట లేచిందట. సస్పెన్షన్ ఎత్తేశారు. పిల్ల రాజీనామా చేసేసింది. అన్నయ్య నాతో మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 2
పిల్లకి వేరే ఊళ్లో ఉద్యోగం. ఇవాళ దాని మెసేజ్: "అత్తా, నేను క్షేమంగా చేరాను. దీనికి వేరే అర్థం లేదు."