మా కచ్చూరం మొక్క ఒకటి మాకు ఇప్పించుట గురించి

నిర్వాసితుల కాలనీ,
గాజువాక.

ఔషధ మొక్కల కణజాల వర్ధన కేంద్రం పెద్ద అధికారి గారి సముఖమునకు కర్రి చలమయ్య రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ కేంద్రంలో వేలాదిగా పెరుగుతున్న మా ఇంటి కచ్చూరం మొక్కలలో ఒకదానిని మా ఇంటికి ఇప్పించుట గురించి.

నేను మాటకారిని కాను. తమ ఎదుట నిలబడితే వచ్చే నాలుగు మాటలూ రావు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినందున కాగితం దగ్గర మాత్రం భయం తక్కువ. కావున ఈ దిగువ సంగతులు మనవి చేస్తున్నాను.

1. కచ్చూరం అల్లం జాతి దుంప అని తమకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే తమ గోడ మీద రాసి ఉంది, చూడవచ్చును. దగ్గుకు, పసిపిల్లల రొంపకు మేము అరగదీసి వాడతాం. మా ఊరు ఫ్యాక్టరీకి పోయిన రోజున అందరూ గుమ్మాలు, దూలాలు, పెంకులు ఊడదీసి బండ్లకెత్తుకున్నారు. నా భార్య చిలకమ్మ పెరట్లో దుంప తవ్వి గోనెసంచిలో వేసుకుంది. తోటికోడలు నవ్వింది.

"గుమ్మం ఒగ్గేసి దుంప మోసుకెల్తన్నావేటే?"

"గుమ్మం ఏ వడ్రంగైనా సేత్తాడు. దీన్ని సేసీవోడెవుడే?" అంది చిలకమ్మ.

ఆ దుంప కాలనీలో సిమెంటు తొట్టిలో పెరిగింది. వీధిలో ఏ బిడ్డకు రొంప పట్టినా తల్లులు మా ఇంటికే వచ్చేవారు.

2. తరువాత ఒక ముసురుకు తొట్టిలో నీరు నిలిచి దుంపకుళ్ళు పట్టింది. వేలెడంత ముక్క మిగిలింది. అదీ ఒక పక్క మెత్తబడుతోంది. ఆ సమయంలో తమ కేంద్రంలో పనిచేసే అలేఖ్య గారు కాలనీకి వచ్చారు. మొలక కొస కోసి, శుభ్రం చేసి, సీసాలో గట్టిపడిన గంజిలాంటి మేత మీద పెడతామన్నారు. తెగులు లేని పిలకలు వస్తాయనీ, వాటిని విడదీసి వేరే సీసాల్లో పెడుతూ పోతే ఒకటి వందలవుతుందనీ ఓపికగా చెప్పారు.

"నువ్వుగింజంత ముక్కేటి, మొక్కవడమేటి పాపా? నాను ముసిల్దాన్నే గాని ఎర్రిదాన్ని కాను" అంది చిలకమ్మ.

"అవుద్ది మామ్మా. అయ్యాక మీ మొక్క మీకు నేనే తెచ్చిస్తాను."

ఇచ్చాం. ఆవిడ అన్నట్టే అయింది. ఆవిడను బదిలీ చేశారు. పని చేసేవారిని తమ కార్యాలయంలో ఎక్కువ కాలం ఉంచరని నాకు అప్పుడు తెలియదు.

3. షెడ్డు నిండా మొక్కలున్నాయని విని తమ గుమస్తా తిరుమలరావు గారి దగ్గరకు వెళ్ళాను. మా సంభాషణ యథాతథంగా:

"పట్టాదారు పాస్ పుస్తకం ఉందా తాతా?"

"నేదు బాబూ. బూవి ఫ్యాక్టరీకిచ్చీసినాం."

"మొక్కలు రైతులకే. భూమి లేనోడివి, ఎక్కడ నాటుతావు?"

"తొట్టిలో బాబూ."

"తొట్టికి సర్వే నంబరుందా?"

గదిలో అందరూ నవ్వారు. ఆఫీసులో ఎవరైనా నవ్వితే నవ్వడం నాకు అలవాటు, నేనూ నవ్వాను. తరువాత నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు తీసి చూపించాను.

"ఇది ఉద్యోగానికి తాతా. మొక్కకి చెల్లదు."

"ఉద్యోగానికీ సెల్లనేదు బాబూ" అన్నాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

4. ఇది ఫిర్యాదు కాదు, నేను చూసినది. ఆ రోజే తమరు దయతో లోపలికి పిలిచారు. తమ బల్ల మీద, కలాల స్టాండు పక్కన, మూత బిగించిన సీసాలో మా మొక్క ఉంది. ఆకులు మూతకు తగిలి వంగి పసుపుబారాయి. "బయట పెట్టించండి బాబూ" అన్నాను. "అది డిస్‌ప్లే" అన్నారు తమరు. వచ్చిన పెద్దలందరికీ ఇలాంటి సీసాలకు రిబ్బను కట్టి ఇస్తున్నారని అక్కడే విన్నాను. వారు ఇంటికి తీసుకెళ్ళి టీవీ పక్కన పెడతారు. అక్కడది చస్తుంది. వారికి పాస్ పుస్తకం అడిగారా అని అడగాలనుకున్నాను. చెప్పానుగదా, తమ ఎదుట నాకు మాట రాదు.

5. గేటు దగ్గర తమ ఫొటో ఉన్న ఫ్లెక్సీలో ఈ మొక్కను "మన్యపు దట్టమైన అడవుల నుండి ఎన్నో కష్టాలకోర్చి సేకరించితిమి" అని ఉంది. ఆ అడవి మా వీధిలోని తొట్టి. అందులో పులి ఉండేది కాదు. చిలకమ్మ ఉండేది. తమరు ఓర్చిన కష్టం ఏమిటో మాకు తెలియరాలేదు. తెలిస్తే సానుభూతి తెలుపుతాము.

6. మిగిలిన మొక్కలన్నీ ఈ శుక్రవారం లారీలో ఎక్కడో తోటలకు పోతాయట. అవి పోతే మా దుంప ఇక మాకు దొరకదు. చిలకమ్మ తొట్టిలో పాత మట్టి పారబోసి, కొత్త మట్టి నింపి కూర్చుంది. వీధిలో అడిగినవారితో "మా పిల్ల ఆసుపత్రి నుంచి రావాల" అంటోంది. రోజూ నేను గుమ్మం ఎక్కగానే "ఇచ్చినారేటి?" అంటుంది. ఆ మాటకు రోజూ జవాబు చెప్పలేను. తోట అడగడం లేదు, సన్మానం అడగడం లేదు. ఒక్క మొక్క. రిబ్బను అక్కర్లేదు.

కావున ఇది చదివి చిత్తగించవలెను. తీరిక లేకపోతే చదివినట్టు సంతకం పెట్టి చిత్తగించవలెను, అది తమకు చేతనైన పనే.

ఈ కాగితం వరకు మాత్రం తమ విధేయుడు,
కర్రి చలమయ్య

తా.క.: ఈ అర్జీ ఇవ్వడానికి ఈ వేళ మేమిద్దరం వచ్చాం. తమరు భోజనానికి వెళ్ళారని తిరుమలరావు గారు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. చాలాసేపయింది. తమరు బాగా భోజనం చేస్తారు. చిలకమ్మ "కాల్లు పట్టీసినాయి, అలాగ తిరిగొత్తాను" అని అన్నం కేరేజీ పట్టుకుని షెడ్డు వైపు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి కేరేజీ మూత సరిగా పడలేదు. సందులోంచి ఆకు కనిపిస్తోంది.

"ఏటే ఇది?"

"గట్టిగా అరవకు. అడుక్కున్న మొక్క బతకదు. ఎత్తుకొచ్చిందే బతుకుద్ది. లెగు."

మా వైపు ఆడవాళ్ళ నమ్మకం అది. ఇన్నాళ్ళూ నేను అడగడమే తప్పని తేలింది. కావున ఆరో అంశం రద్దు చేయవలెను. మొదటి ఐదూ అలాగే ఉంచవలెను.

దొంగతనం కేసు పెట్టదలిస్తే పోయిన సొత్తు ఎవరిదని రాస్తారో ముందు ఆలోచించుకోవలెను. మనుషులను పంపేటట్టయితే పగలు పంపవలెను. తొట్టి గుమ్మం పక్కనే ఉంటుంది. మొక్క ఇంకా చిన్నది, చీకట్లో తొక్కేస్తారు.