మామయ్య నడవని బజారు

బుధవారం

సర్పంచి ఎన్నికల్లో ఓడిపోయి వారం కాలేదు. ఇంత హుషారుగా ఉన్నానంటే ఎవరైనా నవ్వుతారు. నిద్ర మాత్రం పట్టేలా లేదు.

ఇవాళ ఒక్కదాన్నే పడమటి బజారుకు పోయాను. ప్రచారంలో డప్పులతో ఒకసారి తిరగడం తప్ప అటు ఎప్పుడూ పోలేదు. అంతకుముందు ఎన్నికల్లో నిలబడ్డ తనను ఓడించింది ఆ బజారేనని మామయ్య అటు నడవడమే మానేశాడు. సూర్యాపేట బస్సు ఎక్కాలన్నా ఆ మోకాళ్ల నొప్పులతోనే పొలాల మీదుగా చుట్టు తిరిగి పోతాడు.

అక్కడ ఉండే రాములమ్మ తన గడప ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాకెందుకు ఓటెయ్యలేదని నేరుగానే అడిగాను. ఆమె జరిగి చోటిచ్చింది.

"ఓడినకాంచి మీ మామ ఇటు మొకాన రాలే బిడ్డా. గెలిస్తే నువ్వొస్తవని మేమెట్ల నమ్ముతం?"

ఇంతేనా అనిపించింది. ఇది నా తలరాత కాదు, నడిస్తే మారే సంగతి. ఇంటిదాకా దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాను.

చెబితే మామయ్య కంచం పక్కకు జరిపాడు. "ఓటెయ్యనోళ్ల ఇంటికి పోతవా? వాళ్లు గంతే, ఎన్నటికీ మారరు."

రేపు మళ్లీ పోతానంటే ఇంట్లో ఎంత రచ్చవుతుందోనని ఆ మాట ఎత్తకుండా కంచం తీశాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, నా వైపు చూడకుండా అడిగాడు.

"గా బజార్ల సిమెంటు రోడ్డు పడ్డదా?"

"పడి మూడేండ్లయింది మామయ్యా" అన్నాను.